ముక్కు కొట్టిన కార్డు

పోయినవన్నీ ముందే చెప్పేస్తాను. ఒక్కసారి కూడా వాడని క్రెడిట్ కార్డుకు కట్టింది పదివేల నూట ఎనభై ఏడు రూపాయలు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఆరుసార్లు తిరిగిన బస్సు ఛార్జీలు, రానూపోనూ నూట నలభై చొప్పున, ఎనిమిది వందల నలభై. ఆ ఆరు రోజులూ పోయిన పని, రోజుకు తొమ్మిది వందల లెక్కన, ఐదువేల నాలుగు వందలు. కొండ దగ్గర నల్లరాయికి ఇచ్చి వదులుకున్న బయానా పదిహేను వేలు. చేజారిన పనిలో మిగలాల్సింది, ఆ పని చేసే మనిషి తన నోటితో చెప్పిన అంచనా ప్రకారం, లక్షా పదివేలు. మొత్తం లక్షా నలభై ఒక్క వేల నాలుగు వందల ఇరవై ఏడు.

గుడివాళ్లకు తిరిగి ఇచ్చేసిన అడ్వాన్సు అరవై వేలు ఇందులో కలపలేదు. అది వాళ్ల డబ్బు, వాళ్లకు చేరింది. నష్టం కింద రాస్తే లెక్క తప్పుతుంది. నా ఉద్యోగం కూడా కలపలేదు. దాని సంగతి తర్వాత.

ఇదంతా మొదలైంది ఐదువందల తొంభై రూపాయలతో. కార్డు వార్షిక రుసుము ఐదు వందలు, దాని మీద పన్ను తొంభై.

నేను పదో తరగతితో ఆపినవాణ్ని. నంద్యాలలో ఒక విత్తనాల అంగడిలో పద్దులు రాస్తూ వడ్డీ లెక్కలు నేర్చుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. యజమాని లెక్క తప్పు వేసినప్పుడు రైతు ముఖంలో వచ్చే మార్పు చూసి నేర్చుకున్నాను. నలభై దాటాక ఒక ప్రైవేటు బ్యాంకు కార్డులు అమ్మిపెట్టే ఏజెన్సీలో చేరి తొమ్మిదేళ్లు చేశాను. మెడలో బ్యాంకు గుర్తున్న తాడు, జీతం మాత్రం ఏజెన్సీది. నెలకు పదిహేడు వేల ఐదు వందలు, కార్డుకు నాలుగు వందలు అదనం. నంద్యాల బ్రాంచిలో ఉదయం సంతకం పెట్టి, రోజంతా ఆళ్లగడ్డ, రుద్రవరం వైపు తిరిగేవాణ్ని. ఇప్పుడు అదే తాడు మెడలో వేసుకుని తిరుగుతున్న పిల్లలు కనబడుతుంటారు. పిల్లలూ, నేను రాస్తున్నది మీకోసమే. కార్డు తీసుకున్నవాళ్లు చదివినా మంచిదే.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు మీరు చూసే ఉంటారు. అందులో ఒక షెడ్డు శిల్పి నాకంటే ఐదారేళ్లు పెద్ద. చెవులకు తువ్వాలు కట్టుకుని గ్రైండర్ పట్టుకుంటే పక్కన బస్సు హారన్ కొట్టినా వినడు. గుడి పనులకు బిల్లులు ఇవ్వాల్సి ఉండటంతో పన్ను కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకునేవాడు. మాకు కావాల్సింది అవే. ఒక మిట్టమధ్యాహ్నం వెళ్లి షెడ్డు ముందు నిలబడ్డాను. గ్రైండర్ ఆగేదాకా పావుగంట నిలబడ్డాను.

"నాకు అప్పు ఇచ్చేటోడు ఎండలో నిలబడి బతిమాలుతాండాడంటే, ఏందో ఉండాది దీంట్లో" అన్నాడు శిల్పి, నేను చెప్పిందంతా విని.

"ఏమీ లేదన్నా. అవసరానికి పనికొస్తుంది. నలభై ఐదు రోజుల దాకా వడ్డీ ఉండదు."

"రేషన్ కార్డు, ఆధార్ కార్డు, ఓటు కార్డు, ఆరోగ్యం కార్డు" అని లెక్కపెట్టింది ఆయన భార్య, రాతిపొడి ఊడుస్తూ. "కార్డులకే పెట్టె నిండింది. ఇంగ చీరలు యాడ పెట్టాల?"

"దుడ్లు ఏమన్నా కట్టాల్నా దీనికి?" అని అడిగాడు శిల్పి.

"ఏం కట్టక్కర్లేదన్నా. ఫ్రీ."

ఫ్రీ అన్నది మొదటి ఏడాదికి. రెండో ఏడాది నుంచి, ఏడాదిలో యాభై వేలు కార్డు మీద ఖర్చు పెట్టినవాళ్లకు మాత్రమే ఫ్రీ. ఐదువందల తొంభై మిగుల్చుకోవడానికి యాభై వేలు ఖర్చు చేయమనడం ఎలాంటి లెక్కో విత్తనాల అంగడిలో పనిచేసిన నాకు తెలియదా? తెలుసు. కొండ దగ్గర రాయి అమ్మేవాడు కార్డు తీసుకోడనీ, కాబట్టి ఈయన ఆ యాభై వేలు ఎప్పటికీ దాటడనీ కూడా తెలుసు. అయినా అన్నాను. ఆ నెలకు నాకు ఇంకా మూడు కార్డులు తక్కువ ఉన్నాయి.

దరఖాస్తులో ఈమెయిల్ అని ఒక గడి ఉండేది. ఊళ్లలో చాలామందికి ఈమెయిల్ ఉండదు. గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు ముందుకు పోదు. అందుకని మేమంతా ఒక పద్ధతి పెట్టుకున్నాం. అక్కడికక్కడే మా ఫోన్‌లో వాళ్ల పేరుతో ఒక ఈమెయిల్ తయారుచేసి రాసేసేవాళ్లం. దాన్ని మళ్లీ ఎవరూ తెరిచేవాళ్లు కాదు. మా బ్రాంచి కింద అలాంటి తెరవని పెట్టెలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క వేయలేదు. నేనూ వేయలేదు.

పది నెలల తర్వాత అదే దారిలో పోతుంటే శిల్పి చెయ్యెత్తి ఆపాడు. కార్డు చేతిలో ఉంది, వచ్చిన కవరు కూడా చెదరలేదు.

"ఏందప్పా, రెండో ఏడు దుడ్లు పట్టుకుంటారంటనే? టీ అంగట్లో చెప్పినారు. నాకు వద్దు ఇది. తీసేయ్."

ఆ రోజు నేను చేయాల్సిన పని పది నిమిషాలది. రద్దు చేయమని ఆయన చేత ఒక అభ్యర్థన పెట్టించి, నంబరు రాసి ఇవ్వాలి. కానీ ఏడాది లోపల రద్దయితే అమ్మినవాడికి ఇచ్చిన నాలుగు వందలు జీతంలో కోసేస్తారు. ఏడాదికి ఇంకా రెండు నెలలుంది.

"వాడకపోతే ఏమీ కాదన్నా. వద్దనుకుంటే పగలగొట్టి పారేయండి" అన్నాను.

ఆ షెడ్డులో ఒక అలవాటు ఉంది. చెక్కుతూ ఉండగా రాయిలో లోపం బయటపడితే ఆ విగ్రహాన్ని అమ్మరు. ఎవరూ పొరపాటున ఎత్తుకుపోయి పూజలో పెట్టకుండా ముక్కు కొట్టేసి గోడవారన పడేస్తారు. ముక్కు పోయిందంటే ఆ రాయి చచ్చినట్టు లెక్క. దాని పేరు ఎత్తరు, దానికి ధర చెప్పరు. శిల్పి కార్డును రాతిదిమ్మ మీద పెట్టాడు. సన్న ఉలి తీసుకుని, మెరిసే చిన్న బిళ్ల ఉండే చోట గురిచూసి ఒక్క దెబ్బ కొట్టాడు. బిళ్ల ఎగిరి రాతిపొడిలో పడింది.

"ముక్కు కొట్టినా. చచ్చినట్టే గదా?"

"అయిపోయిందన్నా" అన్నాను.

ఆ మాట నా నాలుగు వందల కోసం అన్నాను. ఆయన వృత్తిలో చావంటే చావే. మా వృత్తిలో ప్లాస్టిక్ ముక్క చచ్చినా ఖాతా చావదని నాకు తెలుసు.

ఆ ఉలి దెబ్బ పడిన ఏడాది దాటాక ఒక సాయంత్రం ఆయన దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది.

"నేను చంపిన కార్డు బతికే ఉండాదంటప్పా."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సంగతి ఇది. వెలుగోడు వైపు ఒక ఊరి గుడి కమిటీ ఆయనకు నాలుగు లక్షల ఇరవై వేల పని ఇచ్చింది. ఒక పెద్ద నంది, బలిపీఠం, ఇద్దరు ద్వారపాలకులు. అంత పెద్ద నంది ఆయన అంతకుముందు చేయలేదు. అరవై వేలు అడ్వాన్సు తీసుకుని, అందులోంచి పదిహేను వేలు కొండ దగ్గర రాయికి బయానా కట్టాడు. మిగతా రాయి డబ్బుకూ, కోత యంత్రానికీ మూడు లక్షల లోను కావాలి. ఆళ్లగడ్డలోనే వేరే బ్యాంకులో అడిగితే, కంప్యూటరులో చూసి, మీ పేరు మీద కట్టని కార్డు బాకీ ఉందన్నారు. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకున్నారు కాబట్టి కమిటీ ఒక గడువు చెప్పింది. ఆ రోజుకు రాయి షెడ్డులో దిగకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"కార్డే లేనోనికి బాకీ యాడిది?" అని అడిగాడు శిల్పి. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అది ఇంకా కష్టం.

రెండేళ్ల కిందట నేను తయారుచేసిన ఆ ఈమెయిల్ నా ఫోన్‌లో తెరిచాను. పన్నెండు స్టేట్‌మెంట్లు, ఒక్కటీ చదివింది లేదు. ఆయన ఫోన్‌కు సందేశాలు కూడా వచ్చాయి, ఇంగ్లిష్‌లో. ఫోన్లు వచ్చాయి, హిందీలో. కొత్త కార్డు అమ్ముతున్నారనుకుని పెట్టేశాడట.

ఆయన లెక్కలు రాసుకునేది రాతి మీదే. గోడకు ఆనించిన ఒక నున్నటి పలక, విగ్రహాలకు గీతలు గీసే ఎర్రరంగు. ఆ కుంచె నా చేతికిచ్చి రాయమన్నాడు. నెల తర్వాత నెల రాసుకుంటూ పోయాను. రుసుము పన్నుతో ఐదువందల తొంభై. గడువులో కట్టనందుకు జరిమానా పన్నుతో ఐదువందల తొంభై, అలా ఏడు నెలలు. బాకీ ఐదువేలు దాటింది కాబట్టి తర్వాత నాలుగు నెలలు జరిమానా ఎనిమిది వందల ఎనభై ఐదు. జరిమానాలే ఏడువేల ఆరువందల డెబ్బై. వీటన్నిటి మీద నెలకు నూటికి మూడున్నర వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను, వెరసి పందొమ్మిది వందల ఇరవై ఏడు. నూటికి మూడు రూపాయల వడ్డీ అడిగినవాణ్ని మా వైపు వీధిలో పలకరించరు. మూడున్నర తీసుకునేవాళ్లకు అద్దాల తలుపులు, చల్లటి గది, వాకిట్లో కాపలా మనిషి.

"ఐదొందల తొంభైకి ఏడువేలు జరిమానానా?" అంది ఆయన భార్య. "మా పొదుపు సంగంలో వారం కట్టకుంటే పది రూపాయలు ఏస్తారు. అదీ మొగం చూసి తీసేస్తారు. వీళ్లకు మొగాలు లేవా అప్పా?"

నన్నూ కలిపి అడుగుతోందని అర్థమై తల దించుకున్నాను. ఉలి దెబ్బ రోజు సంగతీ, నా నాలుగు వందల సంగతీ అప్పుడే చెప్పేశాను. శిల్పి నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. "ఇంగ ఏం చెయ్యాల్నో చెప్పు. అన్నీ చెప్పు ఈసారి" అన్నాడు.

ఆళ్లగడ్డ బ్యాంకు అధికారి మంచివాడు. బాకీ కట్టిన రసీదు ఒక్కటే చాలదనీ, కార్డు మూసేసినట్టు కాగితం తెస్తే ఆ రోజే లోను పైకి పంపుతాననీ చెప్పాడు. బతికున్న కార్డు మీద మళ్లీ ఎప్పుడైనా బాకీ పుట్టొచ్చు కదా అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పదివేల నూట ఎనభై ఏడూ కట్టేశాం. బాకీ సున్నా అని చూసుకున్నాకే, అదే రోజు, రద్దు అభ్యర్థన రాతపూర్వకంగా పెట్టించి నంబరు తీసుకున్నాను.

ఇక్కడ ఒక నిబంధన మీరు గుర్తుపెట్టుకోవాలి. బాకీ లేని కార్డును రద్దు చేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి. మూయకపోతే, ఆ తర్వాత మూసేదాకా ఆలస్యమైన ప్రతి రోజుకూ ఐదు వందల చొప్పున బ్యాంకే ఖాతాదారుడికి ఇవ్వాలి. దేశంలో కార్డులిచ్చే బ్యాంకులన్నిటికీ ఇది వర్తిస్తుంది. మా శిక్షణ పుస్తకంలో చివరి పేజీల్లో ఉంది. శిక్షణలో ఆ పేజీల దాకా ఎప్పుడూ రాలేదు.

ఏడు పనిదినాలు అయిపోయాయి. కార్డు బతికే ఉంది. శిల్పి గ్రైండర్ కట్టేసి బస్సెక్కి నంద్యాల రావడం మొదలుపెట్టాడు. ఒకసారి సర్వర్ పనిచేయడం లేదన్నారు. ఒకసారి పైఆఫీసుకు పంపామన్నారు. ఇంకోసారి, ఆధార్ నకలు మళ్లీ ఇమ్మన్నారు. కార్డు ఇచ్చేటప్పుడు నేను పదిహేను నిమిషాల్లో తీసుకున్న కాగితం అది. ఇవ్వడానికి ఒకసారి చాలింది, తీసేయడానికి ఎన్నిసార్లు తిరిగినా చాలలేదు.

కౌంటరులో కూర్చునే ఒక అమ్మాయి భోజనాల వేళ నన్ను పక్కకు పిలిచింది. కొత్తగా చేరింది. ఇంకా భయం తెలియదు.

"సార్, ఆ తాత అభ్యర్థన నిలిపి పెట్టినారు. మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తల్యాదంట. కార్డు ఉంచుకోమని ఒప్పించేదానికి చేసినారు."

"ఎప్పుడు చేశారమ్మా?"

"పగలు పదకొండుకీ, పన్నెండుకీ, మూడుకీ."

గ్రైండర్ నడిచే వేళలు. చెవులకు తువ్వాలు కట్టుకున్న మనిషి ఫోన్ ఎత్తలేదు కాబట్టి, రాసి ఇచ్చిన మాట చెల్లలేదు. రద్దు ఆపినవాళ్లకు అదనపు డబ్బు ఉంటుంది, నాకు అమ్మినందుకు ఉన్నట్టే. నేను రెండు నెలల కోసం ఆపాను. వాళ్లు నెల లక్ష్యం కోసం ఆపుతున్నారు. పని ఒకటే.

కమిటీ పెట్టిన గడువు రోజు వచ్చింది. ఏడు పనిదినాలు దాటాక అది పదహారో రోజు. ఉదయం పదికి శిల్పి బ్రాంచిలో ఉన్నాడు, ఉతికిన తెల్లచొక్కాతో. ఆయన పక్కన నేను కూర్చున్నాను, మెడలో బ్యాంకు తాడుతోనే. మధ్యాహ్నం మేనేజరు లోపలికి పిలిచాడు.

"నువ్వేంటి ఆయన పక్కన కూర్చున్నావు?" అని నన్ను అడిగాడు.

"ఈ కార్డు అమ్మింది నేనే సార్. మూయించడానికి వచ్చాను."

"ముయ్యమంటే ముయ్యడానికి అది అంగడి తలుపా? దానికొక పద్ధతుంటుంది. పెద్దాయనా, ఒక పని చేద్దాం. మీ రుసుము మాఫీ చేయిస్తాను. దీన్ని మార్చి ఇంకా మంచి కార్డు ఇప్పిస్తాను."

శిల్పి నా వైపు చూశాడు. "ఈయప్ప మళ్లా అమ్ముతాండాడా?"

నేను కాగితం తీశాను. "ఈ రోజుకు ఆలస్యం పదహారు రోజులు సార్. రోజుకు ఐదు వందల చొప్పున మీరు ఈయనకు ఎనిమిది వేలు బాకీ ఉన్నారు."

మేనేజరు నవ్వాడు. "బ్యాంకు కస్టమరుకు బాకీనా? ఈ లెక్కలు ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"విత్తనాల అంగట్లో సార్."

నవ్వు ఆగింది. "నీకు జీతం ఎవరు ఇస్తున్నారో ఆలోచించుకో" అన్నాడు. తర్వాత శిల్పితో, "రెండు రోజులు ఆగండి" అన్నాడు.

"నాకు రెండు రోజులు ల్యావు సార్. సాయంత్రం దాకే ఉండాది" అన్నాడు శిల్పి.

నాలుగింటికి బ్రాంచి బయట మెట్ల మీద ఉండగా కమిటీ పెద్ద ఫోన్ చేశాడు. శిల్పి ఫోన్ ఎత్తాడు. "రాయి దిగల్యాదు సామీ... ఊఁ... నిజమే... మీరేం చేస్తారు, ముహూర్తం ఆగదు గదా" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, చేతులు చూసుకున్నాడు. తెల్లచొక్కా వేసుకున్నా గోళ్లలో రాతిపొడి పోలేదు.

"ఆ నంది మెడ ఎట్ల తిప్పాల్నో అనుకోని పెట్టుకున్న్యానప్పా" అన్నాడు. లేచి బస్టాండు వైపు నడిచాడు.

ఆ వారమే ఏజెన్సీ నుంచి నాకు కబురొచ్చింది. నేనే మానేశానని రాసుకోవచ్చు, చదివేవాళ్లకు తెలియదు. కానీ వాళ్లే రావద్దన్నారు. ఆ ఉద్యోగాన్ని నష్టాల్లో కలపలేదని మొదట చెప్పాను కదా. 'ఫ్రీ', 'అయిపోయింది' అనే రెండు అబద్ధాల మీద తొమ్మిదేళ్లు నడిచిన జీతం అది. పోతే నష్టమని ఎలా రాయను?

పిల్లలూ, కార్డు ఉంచుకోవాలా వద్దా అని ఎవరైనా అడిగితే, పోయిన ఏడాది దాని వల్ల చేతికొచ్చింది ఎంతో ఒకవైపు రాయించండి, వచ్చే ఏడాది రుసుము పన్నుతో కలిపి ఇంకోవైపు రాయించండి. కొనకపోయినా ఫరవాలేని వస్తువు మీద వచ్చిన తగ్గింపును లాభం కింద రాయనివ్వకండి. రుసుము ఎక్కువైతే, అది పడే నెలకు ముందు నెలలోనే బాకీ సున్నా చేయించి, రాతపూర్వకంగా రద్దు అడిగించి, నంబరు రాసి ఇవ్వండి. మూసినట్టు కాగితం వచ్చేదాకా కత్తెర పట్టుకోనివ్వకండి. మీ నాలుగు వందలు పోతాయి. పోనివ్వండి.

కార్డు చివరికి మూతపడింది, ఏడు పనిదినాలు దాటాక నలభై ఒకటో రోజున. అప్పటికి వెలుగోడు వైపు వెళ్లే నంది వేరే షెడ్డులో సగం తయారైంది. ఆలస్యానికి రావాల్సిన డబ్బు అడుగుతూ నేను రాశాను, శిల్పి సంతకం పెట్టాడు. జవాబు వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల జరిగిన అసౌకర్యానికి చింతిస్తూ వెయ్యి రివార్డు పాయింట్లు జమ చేశామని రాశారు. మూసేసిన కార్డులో. ఆ పాయింట్లు కార్డు బతికి ఉంటేనే వాడుకోవచ్చు. పైన ఫిర్యాదుల అధికారికి రాశాం. పరిశీలనలో ఉందని మూడుసార్లు జవాబిచ్చారు.

ఒక రోజు షెడ్డుకు వెళ్లి, ఆ కార్డు మీద నాకు వచ్చిన నాలుగు వందలు శిల్పి ముందు పెట్టాను. ఆయన వాటిని ముట్టుకోలేదు.

"నీ తప్పు నాలుగొందల తప్పు కాదప్పా, ఎత్తుకో. వాళ్లు ఇయ్యాల్సింది రాబట్టు. అప్పుడు మాట్లాడుదాం."

ఆయన భార్య ఆ నోట్లు తీసి నా చొక్కా జేబులో పెట్టింది. "కాగితాలకు, తపాలాకు అయితాయి" అంది.

నిజంగానే వాటికే అయ్యాయి. గోడవారన ముక్కు కొట్టిన విగ్రహాల పక్కన ఆ పలక ఇప్పటికీ ఉంది. నేను రాసిన పాత లెక్కంతా ఆయన కడిగేసి, ఒక్క వరుస మాత్రం కొత్తగా రాసుకున్నాడు. వెళ్లినప్పుడల్లా, వచ్చిందా అని ఆయన అడగడు. పలక వైపు చూస్తాడు, నేనూ చూస్తాను. నలభై ఒక్క రోజులు, రోజుకు ఐదు వందలు. రావాల్సింది ఇరవై వేల ఐదు వందలు.